రెండు నిమిషాల పాఠం

అఆలు చెయ్యి పట్టి దిద్దిస్తాం. ఎక్కాలు పక్కన కూర్చోబెట్టుకుని అప్పజెప్పించుకుంటాం. పళ్లు తోముకోవడం మాత్రం 'పో, తోముకో' అని కేకేసి వదిలేస్తాం. అదీ చేతి విద్యే కదా! దాన్నీ బడిలో దిద్దిస్తే...?

శనివారం తెల్లవారుజామున కొండగట్టు మీద నల్లాల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. అంజన్న దర్శనానికి రాత్రే వచ్చి ఎక్కడో ఓ చోట నడుం వాల్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వస్తుంటారు. వేపపుల్ల నములుతూ తీరిగ్గా గుట్టంతా కలయజూసే పెద్దాయన ఒకరు. నోట్లో బ్రష్, చెవి దగ్గర సెల్‌ఫోన్... రెండు పనులూ ఒకేసారి కానిచ్చేసే కుర్రాడు ఒకడు. వేలితో పళ్లపొడి రుద్దుకునే అవ్వ ఇంకొకరు. వాళ్ల మధ్యలో నిద్రకళ్లతో ఓ ఏడేళ్ల పిల్లాడు. 'జెల్ది తోముకో బిడ్డా, లైను పెరుగుతది' అని తల్లి తొందర. వాడు బ్రష్ నోట్లో పెడతాడు. ముందు పళ్ల మీద అటూ ఇటూ నాలుగుసార్లు లాగుతాడు. ఉమ్మేస్తాడు. 'అయిపోయింది' అంటాడు. అంతా కలిపి పదిహేను సెకన్లు!

దేవుడి దర్శనానికి వచ్చిన తొందర అనుకోకండి. మన ఇళ్లలో బడి బస్సు తొందరలో రోజూ జరిగేదీ ఇదే. ఆ వయసు పిల్లల నోట్లో ఇరవైకి పైగా పళ్లుంటాయి. బ్రష్ తగిలింది ఆరేడింటికి. అదీ ముందువైపున.

గుట్ట దిగి ముత్యంపేట, మల్యాల, నాచుపల్లి... ఏ ఊళ్లో బడికైనా వెళ్లి 'పొద్దున పండ్లు తోముకున్నరా?' అని అడిగి చూడండి. (ఇటువైపు పళ్లను పండ్లనే అంటారు.) చేతులన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. అబద్ధం కాదు, తోముకునే వస్తారు. ఇప్పుడు బ్రష్ లేని ఇల్లు, పేస్టు దొరకని కిరాణా కొట్టు వెతికినా కనిపించవు. లేనిదల్లా ఎలా తోముకోవాలో పక్కన నిలబడి చూపించే మనిషే.

పురుగు కాదు... పాచి!

పన్ను పుచ్చితే 'పురుగు పట్టింది' అంటాం. సంతల్లో, జాతరల్లో చెవిలోనో పంట్లోనో మందు పోసి తెల్లటి పురుగులు రాలినట్టు చూపించి డబ్బులు పట్టుకెళ్లేవాళ్లను పాతతరం బాగానే ఎరుగుదురు. ఆ పురుగులు వాళ్ల చేతుల్లోవే తప్ప పంట్లోవి కావు. పంటిని తినేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి కాపురం ఉండేది మనం రోజూ పొద్దున్నే తిట్టుకునే పాచిలో.

తోమిన కొద్ది గంటలకే పంటి మీద పల్చటి జిగురు పొర మళ్లీ మొదలవుతుంది. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని ఆ పొరలోని సూక్ష్మజీవులు తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఒంట్లో అన్నింటికన్నా గట్టిదైన పంటి పింగాణీ ఆ ఆమ్లానికి కొంచెం కొంచెంగా కరుగుతుంది. తిన్నాక అరగంటో ముప్పావుగంటో గడిచేసరికి లాలాజలం దాన్ని విరిచి మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. దర్శనమయ్యాక లడ్డూ మొత్తం ఒక్కసారే తినేసే పిల్లాడికన్నా, జేబులో చాక్లెట్లు పోసుకుని గంటకొకటి చప్పరించే పిల్లాడి పళ్లు త్వరగా పాడవుతాయి. పొద్దున చాయ్‌లో బిస్కెట్, పదింటికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, సాయంత్రం మళ్లీ ఇంకోటి... పంటికి తేరుకునే సమయమేదీ?

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంకో సంగతి ఉంది. ఈ పల్లెల్లో చాలా ఇళ్ల యజమానులు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉంటారు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే నాన్న తెచ్చే అట్టపెట్టెలో సబ్బులు, సెంట్లు, పేస్టులతో పాటు కిలోల కొద్దీ చాక్లెట్లుంటాయి. ఆ తండ్రిని తప్పు పట్టలేం. దూరాన ఉన్నవాడు ప్రేమను ఇంకెలా మోసుకొస్తాడు? ఇంట్లో ఉన్న తల్లి బీడీలు చుడుతూ ఒళ్లో చాటతో కూర్చుని ఉంటుంది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే చేతులకు పిల్లాడి నోరు తెరిపించి చూసే తీరిక చిక్కదు. ఇక్కడి బడి మీద కాస్త ఎక్కువ బరువు పెట్టాల్సి రావడానికి కారణమిదే.

లెక్కలూ అదే చెబుతున్నాయి. భారత దంతవైద్య మండలి 2002-03లో దేశమంతటా జరిపించిన సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్లవాళ్లలో 53.8 శాతం మందికి, పదిహేనేళ్లవాళ్లలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్లు కనిపించాయి. ప్రపంచం మొత్తం మీద పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది.

చెప్పకుండా వచ్చే పన్ను

పాలపన్ను ఊడితే ఇంట్లో పెద్ద హడావుడి. పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరమంటారు. ముందు పళ్లు లేని నవ్వుకు ఫొటోలు తీస్తారు. అదే రోజుల్లో నోటి వెనక మూలన ఇంకో పన్ను వస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

అది ఆరేళ్ల పన్ను. దవడకు అటూ ఇటూ, పైనా కిందా మొత్తం నాలుగు. చివరి పాలపన్ను వెనక ఖాళీ చిగురును చీల్చుకుని వస్తాయి. వాటి కోసం ఏ పన్నూ ఊడదు. ఊడలేదు కాబట్టి వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో నల్లటి గుంత కనిపిస్తే 'పాలపన్నే కదా, ఊడిపోయి కొత్తది వస్తది' అనుకుంటారు. రాదు. అదే కొత్తది. అదే ఆఖరుది. డెబ్బై ఏళ్లు అన్నం నమలాల్సిన పన్ను రెండో తరగతిలోనే పుచ్చిపోతుంది. నొప్పి పుట్టాక జగిత్యాలకో కరీంనగర్‌కో తీసుకెళ్తే ఒకరోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, చాలాసార్లు పన్నూ పోతుంది.

ఈ పన్నే ముందు ఎందుకు పుచ్చుతుందో తెలుసుకుంటే సగం పాఠం వచ్చినట్టే. కొత్తగా వచ్చిన పంటి పింగాణీ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. నమిలే ముఖం మీద లోతైన గాడులుంటాయి. పైగా అది పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అంతవరకూ పక్కన ఉన్న పాలపన్ను కన్నా తగ్గులో ఉంటుంది. బ్రష్‌ను మామూలుగా ముందుకూ వెనక్కూ లాగితే ఎత్తుగా ఉన్న పాలపన్ను మీదుగా పోతుందే కానీ తగ్గులో ఉన్న దీన్ని తాకనే తాకదు. పొలంలో గుంత మీదుగా గుంటక పోయినట్టు! దీనికోసం బ్రష్‌ను బుగ్గవైపు నుంచి అడ్డంగా పెట్టి ప్రత్యేకంగా తోమాలి. ఆరేడేళ్ల పిల్లాడికి ఇది తనంతట తాను తట్టే విషయం కాదు. ఎవరో ఒకరు నోరు తెరిపించి, బ్రష్ కొసను అక్కడికి తీసుకెళ్లి 'ఇగో, ఇక్కడ' అని తాకించాలి.

పాలపళ్ల సంగతీ తేలిగ్గా తీసుకోవద్దు. దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాలి. ముందే పుచ్చి ఊడితే వెనకవి ముందుకు జరిగి, కింద నుంచి వచ్చే పంటికి చోటు లేకుండా చేస్తాయి. వంకర పళ్లకు అదీ ఒక కారణమే.

బొగ్గు, ఇటుకపొడి, యాపపుల్ల

తోముకోవడం మనకు కొత్త కాదు. పందుంపుల్ల అన్న మాటే మనది. వేప, కానుగ, తుమ్మ, ఉత్తరేణి... ఏది దొరికితే అది. పొయ్యిలో బొగ్గు, ఉప్పు, కచ్చిక బూడిద, ఆఖరికి ఇటుకపొడి కూడా. తర్వాత నల్లటి కోతి మార్కు పళ్లపొడి వచ్చింది. కొండగట్టులో ఆ మాట అంటే ఏ మార్కో చెప్పక్కర్లేదు, గుట్ట నిండా వాళ్లే!

'మా తాతకు తొంభై ఏళ్లొచ్చినా పళ్లు గట్టిగున్నయి, యాపపుల్లతోనే తోమిండు' అనే మాట ప్రతి ఊళ్లో వింటాం. తాత మాట నిజమే. కానీ తాత ఆ పుల్లను పావుగంట నమిలేవాడు. రోజంతా బిస్కెట్లు తినేవాడు కాదు. పుల్ల మీద నాకేం కోపం లేదు. కొస బాగా నమిలి కుంచెలా చేసుకుంటే ముందు పళ్లను, బయటివైపును చక్కగానే శుభ్రం చేస్తుంది. చిక్కల్లా దవడ పళ్ల లోపలివైపున. నిలువుగా ఉండే పుల్ల అక్కడికి వంగదు. పంటికి బలమిచ్చే ఫ్లోరైడ్ కూడా అందులో ఉండదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు మాత్రం వద్దే వద్దు. అవి పాచితో పాటు పింగాణీనీ అరగదీస్తాయి. ఇంకొకటి... పొగాకు కలిపిన పళ్లపొడులు, పేస్టులు ఒకప్పుడు బాగా అమ్ముడుపోయేవి. కేంద్ర ప్రభుత్వం 1992లో వాటిని నిషేధించింది. నిషేధం ఉన్నా తంబాకు పొడి వేలితో పళ్లకు రుద్దుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను చూసి పిల్లలు నేర్చుకోకుండా చూసుకోవాలి.

తెలుగువాళ్లకు తేలికే!

పిల్లలకు నేర్పడానికి దంతవైద్యులు ఎక్కువగా చెప్పే పద్ధతి అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో పుట్టింది. ఆ ఊరి దంతవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ 1913లో, పళ్లు శుభ్రం చేయడంలో ఆడవాళ్లకు శిక్షణనిచ్చే బడి పెట్టాడు. మరుసటి ఏడాది నుంచి వాళ్లను ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలకు పంపాడు. వాళ్లు తరగతి గదుల్లో పిల్లల చేత డ్రిల్లు చేయించినట్టే బ్రష్ పట్టించి సాధన చేయించేవాళ్లు. ఫోన్స్ చెప్పింది చాలా చిన్న సంగతి. పిల్లల చేతికి చిన్న చిన్న కదలికలు రావు, గుండ్రంగా తిప్పడం వస్తుంది. కాబట్టి పళ్ల మీద సున్నాలు చుట్టించండి.

గుండ్రాలు తిప్పడంలో తెలుగు పిల్లల్ని మించినవాళ్లెవరు? మన అక్షరాలే గుండ్రాలు. పలక మీద సున్న చుట్టడంతోనే చదువు మొదలవుతుంది. అదే చెయ్యి, అదే తిప్పడం. పలక మారుతుంది, అంతే.

ముందు 'ఈ' అనిపించాలి. రెండు వరుసలూ కలిపి పట్టి పెదాలు సాగదీస్తే పళ్ల బయటివైపంతా కనిపిస్తుంది. కుడి చివరి పన్ను నుంచి ఎడమ చివరి పన్ను దాకా, పన్నూ చిగురూ కలిసే చోటును తాకుతూ సున్నాలు చుట్టుకుంటూ పోవాలి. తర్వాత 'ఆ' అనిపించాలి. నోరు తెరుచుకుంటుంది. నమిలే ముఖాల మీద బ్రష్‌ను ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఆరేళ్ల పన్నుకు ఇందాక చెప్పుకున్న అడ్డం దెబ్బ ఇక్కడే. ఆపైన లోపలివైపు. ఇదే అందరూ ఎగ్గొట్టేది. దవడ పళ్లకు బ్రష్‌ను పక్కగా, ముందు పళ్ల లోపలివైపుకు నిలువుగా పట్టుకోవాలి. చివర్న నాలుక మీద రెండుసార్లు. రోజూ ఇదే వరస తప్పకూడదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో చేతికి అలవాటైపోతే పిల్లాడు సగం నిద్రలో ఉన్నా ఏ మూలా మిగిలిపోదు.

గట్టిగా రుద్దితేనే శుభ్రమవుతుందనుకోవడం గిన్నెలు తోమిన అలవాటు. పళ్లకు అది పనికిరాదు. పెన్సిల్ పట్టినట్టు వేళ్లతో పట్టుకుంటే చాలు. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకోవాలి. కుచ్చు వెంట్రుకలు పక్కలకు విచ్చుకుంటే, లేదా మూడు నెలలు దాటితే మార్చేయాలి.

ఎంతసేపు? రెండు నిమిషాలు. వినడానికి తక్కువే కానీ నోట్లో బ్రష్ పెట్టుకున్నవాడికి అది యుగం. పిల్లల దగ్గర గడియారం ఉండదు, పాట ఉంటుంది. 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైన 'జయ జయహే తెలంగాణ' పొట్టి రూపం రెండున్నర నిమిషాలు. ప్రార్థనలో నిలబడి పాడేటప్పుడు ఎంతసేపు పట్టిందో గుర్తుంచుకోమంటే చాలు, తోముకోవాల్సిన సమయం మనసులో పడిపోతుంది. (నోట్లో నురగతో పాడమని కాదు!) బతుకమ్మ పాటల్లో నచ్చినదాన్ని చెల్లో అక్కో పక్కన పాడినా సరే.

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు ఎంత నేర్చినా చేతికి ఆ నేర్పు పూర్తిగా రాదు. వాళ్లు తోముకున్నాక పెద్దవాళ్లు మరోసారి తోమాలి. ఎదురుగా నిలబడితే పిల్లాడు తల వెనక్కి లాగేస్తాడు. జడ వేసేటప్పుడు కూర్చోబెట్టుకున్నట్టు వెనక నిలబడి, తలను పొట్టకు ఆనించుకుని, గడ్డం కొంచెం ఎత్తిపట్టుకుంటే నోరంతా కనిపిస్తుంది.

పిల్లలకు తమ తప్పు తామే తెలుసుకునే సరదా మార్గం ఒకటుంది. దంతవైద్యుల దగ్గర రంగు బిళ్లలుంటాయి. నమిలి ఉమ్మితే పాచి మిగిలిన చోటల్లా గులాబి రంగు అంటుకుంటుంది. అద్దంలో చూసుకుని 'అరె, ఇన్ని మిగిలినయా!' అని నవ్వుకోవడం పది ఉపన్యాసాల పెట్టు.

గింజంత చాలు

టీవీ ప్రకటనల్లో పేస్టును బ్రష్ పొడవునా పాములా వేస్తారు. అది అమ్ముకునేవాళ్ల లెక్క. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత చాలు. పేస్టు తియ్యగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు మింగేస్తారు. ట్యూబు వాళ్ల చేతికివ్వకుండా పెద్దవాళ్లే వేయాలి. తోమాక నురగ ఉమ్మేయాలి కానీ చెంబెడు నీళ్లతో పుక్కిలించి మొత్తం కడిగేయకూడదు. పంటి మీద మిగిలే ఆ కొంచెం ఫ్లోరైడే పని చేసేది.

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తొచ్చి భయపడటం సహజం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి వైద్య పత్రికలో రాసింది కూడా తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అక్కడ పిల్లల్ని పీడించింది ఏళ్ల తరబడి తాగిన నీళ్లలోని ఎక్కువ ఫ్లోరైడ్. ఉమ్మేసే బఠానీ గింజంత పేస్టు వేరు. మోతాదు దాటకుండా, మింగకుండా చూసుకోవడమే ఇక్కడ జాగ్రత్త. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో ఉంటే దంతవైద్యుణ్ని అడిగి పేస్టు ఎంచుకోవాలి.

ఉపాధ్యాయులకు ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. అవి పాచి కావు, గార కావు. పన్ను చిగురులో తయారయ్యేటప్పుడే పడిన మరకలు. ఎంత తోమినా పోవు. 'తోముకోవా?' అని అందరి ముందూ గద్దిస్తే చేయని తప్పుకు ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటుంది. ఇంకా గట్టిగా రుద్ది చిగుళ్లు గాయం చేసుకుంటుంది.

అన్నం బెల్లు తర్వాత...

ఏడాదికోసారి బడికి ఎవరో వస్తారు. ప్లాస్టిక్ పళ్ల బొమ్మ చూపిస్తారు. బ్రష్, పేస్టు ఉన్న చిన్న సంచి పంచుతారు. ఫొటో దిగుతారు. ఓ పేస్టు కంపెనీ మన దేశంలో 1976 నుంచే బడుల్లో ఇలాంటి కార్యక్రమాలు చేస్తోంది. అమ్మకం ఉద్దేశం ఉంటే ఉండనీ, పిల్లల చేతికి బ్రష్ రావడం మంచిదే. కానీ ఒక్కరోజు చూపించి వదిలేస్తే అఆలైనా వస్తాయా?

రోజూ చేయించిన చోట ఏం జరిగిందో స్కాట్లండ్ చెబుతుంది. అక్కడ 2000ల మొదట్లో శిశు తరగతుల్లో పిల్లలందరి చేతా రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోమించడం మొదలుపెట్టారు. తర్వాత 'చైల్డ్‌స్మైల్' పేరుతో దాన్ని విస్తరించారు. 2003లో బడి తొలి తరగతి పిల్లల్లో పుచ్చు కనిపించనివాళ్లు 45 శాతమే. 2020కి 73 శాతం దాటారు. ఫ్లోరైడ్ పేస్టు మీద డెబ్బై దాకా అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2003లో వచ్చింది. పేస్టు వల్ల పుచ్చు సగటున 24 శాతం తగ్గిందని తేల్చింది. పెద్దవాళ్లు పక్కనుండి తోమించినప్పుడు ఫలితం ఇంకా ఎక్కువగా ఉందనీ చెప్పింది. అదే పేస్టు, అదే బ్రష్. పక్కన మనిషి ఉండటమే తేడా!

అవి డబ్బున్న దేశాలు అంటారా? ఫిలిప్పీన్స్ కాదు కదా. అక్కడి సర్కారు బడుల్లో చేతులు కడగడం, పళ్లు తోమడం పిల్లలంతా వరసగా నిలబడి రోజూ చేసే పనులు. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర. చాలాచోట్ల పొడవాటి గొట్టానికి వరసగా చిల్లులు పెట్టి దాన్నే నల్లాగా వాడుకున్నారు. ఆ పని మన ఊళ్లో ప్లంబర్‌కు ఒక పూట పని.

మన బడుల్లో సగం ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం నడుస్తోంది. రోజూ అన్నం ముందు నల్లాల దగ్గర లైను, తిన్నాక పళ్లాలు కడగడానికి మళ్లీ లైను. ఆ రెండో లైనులోనే బ్రష్ చేతికిస్తే కొత్త గంట కొట్టక్కర్లేదు. ఖర్చెంతో లెక్కేద్దాం. బఠానీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. ముప్పై మంది ఉన్న తరగతికి రోజుకు ఏడున్నర గ్రాములు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 1,650 గ్రాములు. అంటే 100 గ్రాముల ట్యూబులు పదిహేడు. పిల్లాడికి మూడో నాలుగో బ్రష్షులు. ఊళ్లో ఒక గణపతి మండపం సీరియల్ లైట్ల కన్నా ఎక్కువేం కాదు.

కొన్ని చిన్న జాగ్రత్తలు తప్పవు. ప్రతి బ్రష్ మీదా పేరు లేదా గుర్తు ఉండాలి. అక్షరం రాని అంగన్‌వాడీ పిల్లలకు మామిడిపండు, చిలుక, కోతి బొమ్మలు అతికిస్తే సరి. ఒకరి బ్రష్ ఇంకొకరి బ్రష్‌కు తగలకుండా నిలబెట్టి, గాలికి ఆరనివ్వాలి. మూత పెట్టి డబ్బాలో దాస్తే తడికి బూజు పడుతుంది. పేస్టు ట్యూబును ఒక్కో బ్రష్‌కూ తాకించకుండా ముందు ఒక పళ్లెం అంచున గింజలు గింజలుగా పెట్టి, అక్కడి నుంచి ఎత్తుకోమనాలి.

అసలు అడ్డంకి డబ్బు కాదు, మనిషే. ఒక్క టీచరే ఉన్న బడిలో అయిదు తరగతులు చూసుకుంటూ, సర్వేలు, ఎన్నికల డ్యూటీలు మోస్తున్నవాళ్లను ఇంకో పని చేయమనడానికి నోరు రాదు. అయిదో తరగతి పిల్లలను ఒకటో తరగతి పిల్లలకు జతలుగా వేస్తే కొంత బరువు తగ్గుతుంది. చిన్నవాళ్లకు నేర్పేవాళ్లు తాము ఎగ్గొట్టరు కూడా. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లలో పని ఇంకా సులువు. పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు. సబ్బు, నూనె, పేస్టు కోసం ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు 2024లో పెరిగాయి కూడా. పేస్టు కొనిస్తున్నాం సరే, రాత్రి పడుకునే ముందు దాన్ని వాడించేదెవరు?

పరీక్షించే ఏర్పాటూ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని చూడాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పళ్ల సమస్యలూ ఉన్నాయి. బృందం వచ్చిన రోజు 'ఆరేళ్ల పళ్లు చూడండి' అని టీచరో తల్లో అడగొచ్చు. గాడులు లోతుగా ఉంటే వాటిని పూడ్చే సీలెంట్ పూత దంతవైద్యులు వేస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. పుచ్చకముందు వేయిస్తేనే దాని ఫలితం.

పొద్దున కాదు, రాత్రి

ఒక్కసారే తోమే ఓపిక ఉంటే ఎప్పుడు తోమాలి? రాత్రే! నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. ఆమ్లాన్ని కడిగే దిక్కుండదు. పళ్ల సందుల్లో ఇరుక్కున్న అన్నం, బిస్కెట్ మెతుకు మీద సూక్ష్మజీవులకు ఎనిమిది గంటల విందు. రెండుసార్లు తోమితే మంచిదే, కానీ పొద్దున పూట సంప్రదాయం ఎలాగూ మనల్ని వదలదు. పాచి ముఖంతో దేవుడి ముందుకు వెళ్లం కదా. కొత్తగా పెట్టుకోవాల్సింది రాత్రి అలవాటే. తోమాక నీళ్లు తప్ప ఏమీ వద్దు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల పై పళ్లు రెండేళ్లకే నల్లబడి విరిగిపోవడం చాలామంది చూసే ఉంటారు.

బడిలో మధ్యాహ్నం నేర్చిన చెయ్యి ఇంట్లో రాత్రి పని చేయాలి. అసలు పరీక్ష వేసవి సెలవుల్లోనే. ఏప్రిల్ నెలాఖరుకు బడి మూస్తే తెరిచేది జూన్‌లో. జగిత్యాల మార్కెట్‌కు మామిడి దిగే కాలం, పెళ్లిళ్ల కాలం, అర్ధరాత్రి దాకా ఆరుబయట మేలుకునే కాలం. గల్ఫ్ నాన్న అట్టపెట్టెతో దిగేదీ ఎక్కువగా అప్పుడే. చివరి పనిదినాన బడి బ్రష్‌ను పేరు చీటీతో సహా ఇంటికి పంపితే, అమ్మకు ఎలా తోమాలో చూపించే బాధ్యత పిల్లలకే అప్పజెప్పొచ్చు. ఆరో ఏడు నడుస్తున్న పిల్లలుంటే ఆ సెలవుల్లోనే ఒకరోజు పగటి వెలుతురులో గడప మీద కూర్చోబెట్టి 'ఆ' అనిపించండి. చివరి దవడ పన్ను వెనక చిగురు ఉబ్బి, తెల్లటి అంచు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఆ రాత్రి నుంచే బ్రష్‌ను అడ్డంగా పెట్టి తోమడం మొదలుపెట్టాలి.